కట్టలేరు దాటి కాలేజీకి

పదో తరగతి ఫలితాలు రాగానే ఊళ్లలో ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఆ ఫ్లెక్సీ మీది పిల్లలు డిగ్రీ పట్టా చేతబట్టేదాకా వాళ్ల వెంట నడిచేవి వేరే ఉన్నాయి. బస్సు పాసు, మధ్యాహ్నం అన్నం, సమయానికి జమయ్యే ఉపకార వేతనం, క్లాసుకు రాకపోతే ఆరా తీసే లెక్చరర్. ఈ కథనం వాటి గురించే.

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని వినగడప తిరువూరు చుట్టుపక్కల పల్లెల్లో ఒకటి. మామిడి తోటలు, పత్తి, మిరప చేలు ఉన్న ప్రాంతం. ఖమ్మం జిల్లా సరిహద్దు దగ్గరే. ఊరికీ తోటమూలకూ మధ్య కట్టలేరు పారుతుంది. పైన గట్టిగా వాన పడిందంటే చప్టా మీదికి నీళ్లొస్తాయి, రాకపోకలు ఆగిపోతాయి. చుట్టూ తిరిగి వెళ్లాలంటే గంటలు పడుతుంది, చార్జీలూ పెరుగుతాయి. ఇంటర్ చదివే అమ్మాయికి ఆ రోజే ప్రాక్టికల్స్ ఉంటే ఆమె పరిస్థితి ఏమిటో ఊహించండి. హాజరు తగ్గుతుంది, రికార్డు వెనకబడుతుంది, లెక్చరర్ ముందు నిలబడటానికి మొహం చెల్లదు. అలాంటి రోజులు నాలుగైదు పడ్డాక ఇంట్లో ఎవరో ఒకరు ‘చదివింది చాల్లే’ అంటారు. ఆ మాటతో ఒక చదువు ఆగిపోతుంది. ఆ పిల్ల పరీక్ష తప్పలేదు, మార్కుల్లో వెనకబడలేదు. అయినా ‘మధ్యలో మానేసినవారు’ అనే గడిలో చేరిపోతుంది.

కాలేజీల విజయాలను లెక్కగట్టేటప్పుడు ర్యాంకులు, ప్యాకేజీలు, పతకాలు చూస్తాం. వాటిని చూసి గర్వపడాల్సిందే. కానీ పల్లె నుంచి వచ్చి, ఇంట్లో మొదటిసారిగా కాలేజీ గడప తొక్కిన పిల్ల చివరి సెమిస్టర్ దాకా నిలబడటం అంతకు తక్కువ విజయం కాదని నా నమ్మకం. ఆ నిలబడటం వెనక ప్రతిభతో పాటు ఒక ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటు ఉన్నచోట పిల్లలు గెలుస్తున్నారు, లేనిచోట జారిపోతున్నారు.

ఊరికి దగ్గరి కాలేజీ

ఆ ఏర్పాటులో మొదటిది ఊరికి దగ్గర్లో కాలేజీ ఉండటం. అలాంటి కాలేజీకి అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అనే పేరుంది. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్ పట్టణంలో ఆరుగురు విద్యార్థులతో మొదలైన జూనియర్ కాలేజీ అక్కడ ఈ తరహా ప్రభుత్వ కాలేజీల్లో మొదటిది. ఇంటికి దగ్గర, ఖర్చు తక్కువ, వచ్చినవాళ్లకు తలుపు తెరిచే ఉంటుంది, రెండేళ్ల తర్వాత పనిలో చేరొచ్చు, పెద్ద విశ్వవిద్యాలయానికీ వెళ్లొచ్చు. మన దేశంలో ఆ పేరుతో మొదటి కాలేజీని 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పెట్టింది. 2013లో యూజీసీ కూడా ఒక పథకం తెచ్చి, ఉన్న కాలేజీల్లోనే కమ్యూనిటీ కాలేజీ కోర్సులకు నిధులిచ్చింది.

ఆ పేరు మన దగ్గర అంతగా నాటుకోలేదు. పని మాత్రం జరుగుతూనే ఉంది. ప్రభుత్వ జూనియర్ కాలేజీ, డిగ్రీ కాలేజీ, ఐటీఐ, పాలిటెక్నిక్, గురుకులం అన్నీ తలా ఒక చెయ్యి వేసి ఆ పనే చేస్తున్నాయి. తిరువూరు ప్రాంతపు పిల్లలకు అందులో అతి పెద్ద ఆశ విస్సన్నపేట మీదుగా వెళ్తే వచ్చే నూజివీడులో ఉంది. ట్రిపుల్ ఐటీ.

నూజివీడు చేసి చూపించింది

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక చట్టంతో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ట్రిపుల్ ఐటీలు దాని ప్రాంగణాలే. వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ఒకేసారి మూడు ప్రాంగణాలు, ఒక్కోచోట 2,000 మంది, మొత్తం 6,000 మందితో మొదటి బ్యాచ్. తర్వాత ఒక్కో ప్రాంగణంలో సీట్లు వెయ్యికి తగ్గాయి. 2016లో ఒంగోలు, శ్రీకాకుళం కూడా చేరాయి.

ఛాన్సలర్‌గా వచ్చినవారు రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, పల్లెటూరి బడిలో చదివి, మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీ మీదుగా అమెరికా చేరిన శాస్త్రవేత్త. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 1994లో అందుకున్నారు. ఆసియా నుంచి ఆ గౌరవం దక్కిన తొలి వ్యక్తి ఆయనే. పల్లె పిల్లవాడికి లేనిది తెలివి కాదని, అవకాశమేనని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ట్రిపుల్ ఐటీలో చేరడానికి ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) అక్కర్లేదు. పదో తరగతి మార్కులే ప్రమాణం. కోవిడ్ వల్ల పది పరీక్షలు రద్దయినప్పుడు మాత్రం 2020, 2021లో విడిగా ప్రవేశ పరీక్ష పెట్టారు. పదో తరగతి కాగానే చేరితే రెండేళ్లు ప్రీ యూనివర్సిటీ కోర్సు, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు ఒకేచోట. మధ్యలో ఇంకో ప్రవేశ పరీక్ష లేదు, కార్పొరేట్ కాలేజీ చుట్టూ తిరగడం లేదు, కోచింగు కోసం పొలం తాకట్టు పెట్టడం లేదు. ఈ ఒక్క నిర్ణయం ఎన్ని ఇళ్లను అప్పు నుంచి కాపాడిందో విజయవాడ చుట్టుపక్కల కార్పొరేట్ ఇంటర్ ఫీజులు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ప్రవేశాల్లో ఇంకో నిబంధన ఉంది. హాస్టల్ లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్ బడుల్లో చదివిన పిల్లలకు అదనపు పాయింట్లు కలుపుతారు. పదో తరగతి ఫలితాలు గ్రేడ్లలో వచ్చిన ఏళ్లలో అది 0.4. అంటే జిల్లా పరిషత్ హైస్కూల్లో 9.6 తెచ్చుకున్న పిల్ల, ప్రైవేటు బడిలో పదికి పది తెచ్చుకున్న పిల్లతో సమానం. గ్రేడ్లు పోయి మార్కులు వచ్చాక అది 4 శాతమైంది. దీన్ని దయ అనుకునేవాళ్లున్నారు, ప్రతిభకు అన్యాయం అనేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. సాయంత్రం ఇంటికెళ్లి గేదెకు మేత వేసి, తమ్ముణ్ని చూసుకుంటూ, ట్యూషన్ ముఖం చూడకుండా తెచ్చుకున్న 9.6 బరువు వేరు. ఆ బరువును అంకెలో చూపించే ధైర్యం చేసిన నిబంధన ఇది. ఇటీవలి ఏళ్లలో అక్కడ సీట్లు సాధించినవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ కావడం కూడా గుర్తుంచుకోవాలి. పదిహేనేళ్లకే కూతుర్ని ఊరికి దూరంగా పంపాలంటే వెనకాడే తల్లిదండ్రులు, ‘ట్రిపుల్ ఐటీలో సీటొచ్చింది’ అనగానే పెట్టె సర్దుతున్నారు.

సీటు వస్తే సరిపోదని మొదటి బ్యాచ్‌కే అర్థమైంది. నిన్నటిదాకా తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఒక్కసారిగా ఇంగ్లిష్ పాఠాల మధ్య పడ్డారు. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు. చాలామంది ఇళ్లలో అదే మొదటి కంప్యూటర్. వీడియో పాఠాలు, వాటిని దగ్గరుండి వివరించడానికి మెంటర్లు, తరచూ పరీక్షలు. హాస్టల్, భోజనం ప్రాంగణంలోనే. చాలామంది ఫీజుల భారాన్ని ఫీజు రీయింబర్స్‌మెంట్ మోసింది. మొదటి బ్యాచ్ 2014లో పట్టాలతో బయటికొచ్చింది. కూలి ఇళ్ల నుంచి, కౌలు ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, ప్రభుత్వ కొలువుల్లో, పై చదువుల్లో కుదురుకోవడం ఆ తర్వాత మామూలు వార్త అయింది. అలా మామూలు వార్త కావడమే నా దృష్టిలో ఈ సంస్థ సాధించిన అతి పెద్ద విజయం.

అక్కడ అంతా సవ్యంగా ఉందని చెప్పలేం. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వారం రోజులు వానలో కూర్చుని అడిగినవి వింటే మనసు చివుక్కుమంటుంది. పూర్తికాలపు వైస్ ఛాన్సలర్, బోధకులు, శుభ్రమైన భోజనం. ఇవి హక్కుగా దక్కాల్సినవి. 2024 ఆగస్టులో నూజివీడులో కొద్దిరోజుల్లోనే వందలమంది విద్యార్థులు జబ్బుపడ్డారు. భోజనం, నీటి మీద ఫిర్యాదులొచ్చాయి. బోధకుల్లో ఎక్కువమంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉండటం మరో గాయం. తన ఉద్యోగం వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియని మెంటరు పిల్లలకు భవిష్యత్తు గురించి ధైర్యం ఎలా చెప్పగలరు? ల్యాప్‌టాప్ ఒకసారి కొనిస్తే చాలు. వంటశాల, బోధకుడు మాత్రం ప్రతిరోజూ సక్రమంగా ఉండాలి. ప్రభుత్వాలు మొదటిదానికి చూపిన శ్రద్ధ రెండోదానికి చూపలేదు.

ఫొటోకి వెనక

ఏర్పాటు ఉంటే పిల్లలు ఎంత ఎత్తుకు వెళ్తారో చెప్పడానికి సరిహద్దుకు అవతల తెలంగాణ నుంచి ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద ఇద్దరు తెలుగు పిల్లలు నిలబడ్డారు. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలపు సాధనపల్లి ఆనంద్ కుమార్‌కు పదహారేళ్లు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. ఆ ఫొటో అందరం చూశాం. దాని వెనక భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కిన రోజులు, డార్జిలింగ్‌లో, లడాఖ్‌లో చలిని ఓర్చుకున్న నెలలు, నమ్మి పంపిన గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్.ప్రవీణ్ కుమార్, నేర్పిన కోచ్ శేఖర్ బాబు ఉన్నారు. శిఖరమెక్కింది పిల్లలే. అక్కడిదాకా బూట్లు, అన్నం, శిక్షణ, నమ్మకం అందించింది ఒక ప్రభుత్వ సంస్థ.

ఎవరెస్టు కొందరిదే. ట్రిపుల్ ఐటీ సీటు కూడా కొందరిదే. మండలానికి కొద్దిమంది. మిగిలిన పిల్లల సంగతి?

మిగిలినవాళ్ల కాలేజీ

అసలు పరీక్ష ఇక్కడుంది. పదో తరగతిలో 520 దాటనివాళ్లు, 400 దగ్గర ఆగినవాళ్లు, సప్లిమెంటరీలో గట్టెక్కినవాళ్లు తిరువూరు లాంటి పట్టణాల జూనియర్ కాలేజీల్లో, ఆ తర్వాత డిగ్రీ కాలేజీల్లో చేరతారు. కమ్యూనిటీ కాలేజీ అన్న మాటకు మన దగ్గర నిజమైన వారసులు ఈ కాలేజీలే. వీటికి ఫ్లెక్సీ కట్టేవాళ్లు లేరు, పేపర్లో ప్రకటనా ఉండదు.

వీటికి అందుతున్న ఆసరా కూడా తక్కువేం కాదు. 2025 జనవరిలో రాష్ట్రంలోని 475 ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్లకు కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు ఆ పథకానికి పెట్టారు. పొద్దున్న ఏడింటికి బస్సెక్కే పిల్లలు టిఫిన్ లేకుండా బయల్దేరతారని, మధ్యాహ్నానికి కళ్లు తిరిగి ఇంటిదారి పడతారని లెక్చరర్లకు ఎప్పటినుంచో తెలుసు. మధ్యాహ్నం తర్వాత క్లాసు ఖాళీ అవడానికి కారణం అల్లరి కాదు, ఆకలి. ఆ సంగతి గుర్తించి పెట్టిన ఒక్క పూట భోజనం ఎన్నో హెచ్చరిక నోటీసుల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకంతో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు చార్జీ లేకుండా పోయింది. సరిహద్దుకు అవతల తెలంగాణలో 2023 డిసెంబరు నుంచే ఇలాంటి మహాలక్ష్మి పథకం ఉంది. వీటిని రాజకీయాల కళ్లజోడుతో చూసి తిట్టేవాళ్లు తిట్టనీ. పొద్దున్నే వెళ్లే పల్లెవెలుగులో కూర్చున్న అమ్మాయిలను చూసినవాళ్లకు అది విద్యా పథకంగానే కనిపిస్తుంది. అయితే చార్జీ లేకపోవడం ఒకటి, బస్సు రావడం మరొకటి. కాలేజీ వేళకు వినగడప లాంటి ఊళ్లకు బస్సు రావాలి, బస్సు రావాలంటే దారి ఉండాలి. కట్టలేరు మీద గట్టి వంతెన ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు స్కాలర్‌షిప్ కన్నా తక్కువదేం కాదు.

డబ్బు సంగతికొస్తే ఇంటర్ దాకా తల్లికి వందనం పథకం ఉంది. డిగ్రీలో ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇది 2008 నుంచీ పేర్లు మార్చుకుంటూ వస్తున్నదే. డబ్బు ఒకప్పుడు కాలేజీ ఖాతాకు, తర్వాత తల్లి ఖాతాకు, 2024లో మళ్లీ కాలేజీ ఖాతాకు వెళ్లేలా మారింది. 2020లో మొదలైన వసతి దీవెన కింద ఐటీఐ వాళ్లకు ఏటా 10,000, పాలిటెక్నిక్ వాళ్లకు 15,000, డిగ్రీ ఆపై వాళ్లకు 20,000 రూపాయలని నిర్ణయించారు. ఎవరి ఖాతాకు వెళ్లాలన్న వాదన ఎంతో నడిచింది. ఎప్పుడు వెళ్లాలన్న వాదన అంతగా నడవలేదు. పిల్లలను ముంచేది ఆలస్యమే. బకాయి ఉందని సర్టిఫికెట్లు ఆపితే, పరీక్ష ఫీజు కట్టలేక ఒక సెమిస్టర్ పోతే, తర్వాత జమయ్యే మొత్తం ఎంతైనా ఆ సెమిస్టర్ తిరిగి రాదు.

చదువు స్వరూపం కూడా మారింది. 2020 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అందులో మొదటి భాగం సామాజిక సేవా ప్రాజెక్టు. ఊళ్లోకి వెళ్లి ఒక సమస్యను పరిశీలించి నివేదిక రాయాలి. ఆ తర్వాతి ఏడాది డిగ్రీ అంతా ఇంగ్లిష్ మాధ్యమంలోకి వెళ్లింది. ఈ రెండు మార్పులనూ పెద్ద నగరాల కాలేజీలు ఒకలా అనుభవించాయి, చిన్న పట్టణాలు ఇంకోలా. విజయవాడలో ఇంటర్న్‌షిప్పుకు కంపెనీ దొరుకుతుంది. తిరువూరులో ఎక్కడ దొరుకుతుంది? నిజంగా వెతికితే దొరుకుతుంది. మామిడి కాయ కోత నుంచి మార్కెట్టుదాకా నడిచే వ్యాపారం ఉంది, సహకార సంఘం ఉంది, బ్యాంకు ఉంది, ఆసుపత్రి ఉంది. పక్కనే ఎ.కొండూరు మండలపు తండాల్లో ఏళ్లుగా కిడ్నీ జబ్బులు కుటుంబాలను తినేస్తున్నాయి. ఆ తండాలోనే పుట్టిన డిగ్రీ విద్యార్థి ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏ నీళ్లు తాగుతున్నారో, మందులకు ఎంత ఖర్చవుతోందో రాస్తే అది ఏ కంపెనీ ఇంటర్న్‌షిప్పుకూ తీసిపోదు. అలాంటి నివేదికలు కాలేజీ బీరువాల్లో మూలగకుండా మండల కార్యాలయం దాకా వెళ్లాలి.

ఇంగ్లిష్ మాధ్యమం గురించి ఒక్క మాట. మాధ్యమం మార్చడం ఒక ఉత్తర్వుతో అయిపోయింది. పిల్లవాణ్ని మార్చిన మాధ్యమంలో నిలబెట్టడానికి మొదటి నెలంతా వారధి తరగతులు కావాలి, ఓపికగల మనిషి కావాలి. నూజివీడుకు తొలి బ్యాచ్‌తోనే తెలిసిన ఈ పాఠం చిన్న డిగ్రీ కాలేజీలకు అందలేదు.

న్యూయార్క్ లెక్క చెప్పింది

ఇలాంటి ఆసరాలన్నీ కలిపి, ఒక్కటీ వదలకుండా ఇస్తే ఏమవుతుంది? దీనికి జవాబు న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో దొరికింది. అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో 2007లో ‘అసాప్’ అనే కార్యక్రమం పెట్టారు. ప్రభుత్వ సాయం పోను ఫీజులో మిగిలినది వాళ్లే కడతారు. పుస్తకాలిస్తారు. రైలుకీ బస్సుకీ నెలవారీ కార్డు ఇస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా ప్రతి విద్యార్థికీ ఒక సలహాదారు ఉంటారు. మామూలుగా ఒక్కో సలహాదారు మీద 600 నుంచి 1,500 మంది విద్యార్థుల భారం పడే చోట, ఈ కార్యక్రమంలో 60 నుంచి 80 మందే. నెలనెలా కలుస్తారు. రాకపోతే ఫోన్ చేస్తారు. ప్రతిగా విద్యార్థి పూర్తికాలం చదవాలి.

ఎండీఆర్‌సీ అనే పరిశోధనా సంస్థ 896 మంది విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా చేసి పరిశీలించింది. చేరినప్పుడు వీళ్లందరూ ఏదో ఒక సబ్జెక్టులో వెనకబడినవాళ్లే. మూడేళ్లు గడిచాక, మామూలు ఆసరాతో చదివినవాళ్లలో 22 శాతం పట్టా పుచ్చుకుంటే, ఈ కార్యక్రమంలో ఉన్నవాళ్లలో 40 శాతం పుచ్చుకున్నారు. ఒహాయో రాష్ట్రంలో మూడు కాలేజీలు ఇదే పద్ధతి పట్టుకుంటే అక్కడా దాదాపు రెట్టింపు ఫలితం వచ్చింది. ఖర్చు ఎక్కువైనా, పట్టా చేరిన ఒక్కో విద్యార్థికి లెక్కగడితే న్యూయార్కులో తక్కువే తేలింది. సగంలో మానేసిన చదువుకు పెట్టిన డబ్బు ఎవరికీ అక్కరకు రాదు కాబట్టి.

ఈ లెక్క చదివినప్పుడు నాకు సంతోషంతో పాటు దిగులు కూడా కలిగింది. సంతోషం ఎందుకంటే, న్యూయార్క్ ఇచ్చిన వాటిలో చాలావరకు మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. ఫీజు ఉంది, బస్సు ఉంది, అక్కడ లేని మధ్యాహ్న భోజనం కూడా ఇక్కడ ఉంది. దిగులు ఎందుకంటే, ఇవన్నీ వేర్వేరు శాఖల నుంచి, వేర్వేరు నెలల్లో, వేర్వేరు పేర్లతో విడివిడిగా వస్తాయి. ఒక విద్యార్థికి ఏది అందింది, ఏది ఆగింది అని చూసే ఒక్క మనిషి కాలేజీలో లేరు. క్లాసు టీచరు లాంటి లెక్చరర్లు సొంత జేబులోంచి పరీక్ష ఫీజు కట్టిన సందర్భాలు మన కాలేజీలకు కొత్తకావు. మంచితనం మీద నడిచే ఏర్పాటు ఆ మంచి మనిషి బదిలీ అయిన రోజున కూలిపోతుంది.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. ప్రతి ప్రభుత్వ జూనియర్, డిగ్రీ కాలేజీలో వంద మందికి లోపు విద్యార్థులను చూసుకునే ఒక సలహాదారు, అదే పనిగా, జీతంతో ఉండాలి. మూడు రోజులు వరసగా రాని విద్యార్థి ఇంటికి నాలుగో రోజు ఫోన్ వెళ్లాలి. ఉపకార వేతనం మొదటి విడత కాలేజీ తెరిచిన నెలలోనే జమ కావాలి. కాలేజీ వేళలను బట్టి బస్సు వేళలు ఉండాలి. ట్రిపుల్ ఐటీల్లో బోధకుల ఖాళీలు శాశ్వత నియామకాలతో నిండాలి, వంటశాలల తనిఖీలో విద్యార్థుల ప్రతినిధులు కూర్చోవాలి. వీటిలో కొత్తగా కనిపెట్టాల్సింది ఏదీ లేదు.

తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట ప్రాంతాల నుంచి వెళ్లి హైదరాబాదులో, డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డవారికి కూడా ఒక విన్నపం. ఊరికి ఏదైనా చేయాలనుకున్నప్పుడు స్వాగత తోరణానికో, ప్రహరీ గోడకో ముందు మీరు చదివిన కాలేజీ ప్రిన్సిపాల్‌ని కలవండి. ఈ ఏడాది పరీక్ష ఫీజు కట్టలేక ఆగిపోయేలా ఉన్నవాళ్లు ఎంతమందో అడగండి. ఆ పిల్లల పేర్లు ఫ్లెక్సీల మీద వేయకండి. ఫీజు కట్టి రసీదు కాలేజీకి ఇచ్చి రండి, వచ్చే ఏడాది మళ్లీ వెళ్లి వాళ్లలో ఎంతమంది ఇంకా చదువుతున్నారో కనుక్కోండి.